బయటి వరసలో ఒక చోటు

కొబ్బరి పీచు నానేసిన తొట్టిలోకి చిన్నమ్మలు మోచేతుల దాకా చేతులు ముంచి, అడుగున ఉన్నది పైకి, పైన ఉన్నది అడుక్కి తిరగేస్తోంది. రాత్రంతా నాని నీళ్ళు టీ రంగులోకి మారాయి. ఒక పోగు తీసి రెండు అరచేతుల మధ్య పురి తిప్పి చూసింది. ఇంకా బిరుసుగానే ఉంది. మధ్యాహ్నం దాకా నానితే గానీ దారికి రాదు. చేతులు చెంగుకి తుడుచుకుని చీపురు అందుకుంది.

కొత్తపేట మహిళా మండలి హాలు పొడుగ్గా ఉంటుంది. కిటికీలన్నీ కాలవ వైపే. వారంలో కొన్ని రోజులు పీచుతో కాళ్ళు తుడుచుకునే పట్టాలు అల్లడం, గురువారం పొద్దున్న మొక్కలకి అంట్లు కట్టడం, సాయంత్రాలు కోలాటం నేర్పుతారు. నేర్చుకునేవాళ్ళంతా పిల్లలున్న ఆడవాళ్ళు. వంట ముగించి, తల మీద నీళ్ళు చల్లుకుని, పరుగున వచ్చేవాళ్ళు. చిన్నమ్మలు అక్కడ ఆయా. ఊడవడం, నీళ్ళు పట్టడం, తాళం వేయడం ఆమె పని.

ఎవరూ అప్పగించకుండా ఆమెకి వచ్చి పడిన పని ఇంకొకటి ఉంది. కోలాటానికి మనుషులు జతలుగా ఉండాలి. లోపలి వరసలో ఎనిమిది మంది, బయటి వరసలో ఎనిమిది మంది ఎదురెదురుగా నిలబడి కర్రకి కర్ర తగిలిస్తారు. మాస్టారు ఈల వేసినప్పుడల్లా బయటి వరస ఒక మనిషి పక్కకి జరుగుతుంది. ఒక్కరు తగ్గినా ఆట కుంటుతుంది. తగ్గని రోజు తక్కువ. అత్తగారికి జ్వరమనో, ఊడ్పులనో, చుట్టాలొచ్చారనో ఎవరో ఒకరు రారు. అప్పుడు బాపిరాజు మాస్టారు వెనక్కి చూసి, "చిన్నమ్మలూ, రా" అంటారు. ఆమె చీపురు గోడకి ఆనించి వచ్చి ఆ ఖాళీలో నిలబడుతుంది.

ఏళ్ళ తరబడి అలా నిలబడి నిలబడి పదహారు చోట్లూ ఆమె కాళ్ళకి వచ్చేశాయి. ఎవరి చోట్లో ఉంటే వాళ్ళలాగే ఆడుతుంది. సూర్యావతి చోటైతే అడుగు పొట్టిగా వేస్తుంది. మాధవీలత చోటైతే నడుము బాగా వంచుతుంది. పదిహేడో చోటంటూ లేదు.

ఎల్లుండి శనివారం వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి ముందు వీళ్ళ కోలాటం. ఏటా వెళ్తారు. చిన్నమ్మలు కూడా బస్సులో చివరి సీటులో కూర్చుని వెళ్తుంది. జనంలో నిలబడి చూస్తుంది. గోదావరి మీంచి గాలి కొడుతూంటే, పదహారు మంది ఒకే రంగు చీరల్లో తిరుగుతూంటే, పమిట కింద ఆమె వేళ్ళు ఆగవు. ఒక్కసారి ఆ వరసలో నిలబడాలని ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఎవరైనా రాకపోతే తప్ప తనకి చోటు రాదు. ఎవరో ఒకరు రాకూడదని గుడికి వెళ్ళే ముందు కోరుకోవడం ఆమెకి బాగుండేది కాదు.

పొద్దున్న అంట్ల క్లాసులో ఒకావిడ జత రాలేదు. మామిడి మొక్క కొమ్మ కదలకుండా పట్టుకునే మనిషి కావాలి. చిన్నమ్మలు వెళ్ళి పట్టుకుంది. కోసిన చోట రెండు కొమ్మలూ ఆనించి ప్లాస్టిక్ రిబ్బన్ చుడుతూ ఆవిడ అంది, "ఇది అతుక్కుంటే మీ పేరే పెడతానండి."

"మామిడికాయకి నా పేరెందుకమ్మా. పుల్లగా కాస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మధ్యాహ్నం ఆమె వరండాలో గిన్నె మూత తీస్తుండగా మాధవీలత వచ్చింది. చేతిలో బట్టల కొట్టు సంచి. పరిగెత్తుకొచ్చినట్టు ఆయాసపడుతోంది.

"పిన్నిగారండీ, వీసా వచ్చేసిందండి."

"ఎక్కడికి?"

"కువైటండి. ఒకళ్ళింట్లో వంటకి. రేపే బయల్దేరమన్నాడు ఏజెంటు."

"పిల్లాడో?"

"మా అమ్మ దగ్గరండి." మాధవీలత కాలవ వైపు చూసింది. తర్వాత సంచిలోంచి చీర తీసి చిన్నమ్మలు ఒళ్ళో పెట్టింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. ఈ ఏడాది అందరూ కలిసి కొన్నది. మడత ఇంకా విప్పలేదు. "శనివారం నా చోట్లో మీరే. మాస్టారితో చెప్పేసేను."

చిన్నమ్మలు ఎంగిలి చెయ్యి తగలకుండా ఎడంచేత్తో చీర పక్కకి జరిపింది. "మళ్ళీ ఎప్పుడు ఇచ్చెయ్యాలి ఇది?"

"ఇవ్వక్కర్లేదండి. మీరే ఉంచేసుకోండి."

"మరి నువ్వు వచ్చేక?"

"నేనొచ్చేసరికి రెండేళ్ళండి. అప్పటికి నాకు నడుమే వంగదు. మీరు ఆడుతూ ఉండండి, నేను అరుగు మీద కూర్చుని వంకలు పెడతాను."

"ఆయ్, పెడుదువులే" అంది చిన్నమ్మలు.

మాధవీలత వెళ్ళాక ఆమె అన్నం తినడం ముగించి, చేతులు రెండుసార్లు కడుక్కుని, చీర అంచు మీద వేలు పెట్టి చూసింది. కొత్త చీర కట్టి చాలా కాలమైంది. పెళ్ళికి కట్టింది కూడా అక్క పెళ్ళి చీరే. అక్క పెద్దమ్మలు పురిట్లో పోయింది. దినాలయిన మర్నాడు పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. పసిపిల్లకి ఎవరో ఒకరు కావాలి. చిన్నమ్మలుకి అప్పుడు పదహారేళ్ళు. బావ ముత్యాలరాజు కొబ్బరి దింపుకి వెళ్ళేవాడు. మంచివాడే. ఎన్నడూ చెయ్యెత్తలేదు. అప్పుడప్పుడు పరధ్యానంలో ఆమెని పెద్దమ్మలూ అని పిలిచేవాడు. ఆమె పలికేది. అక్క జాకెట్లు కుట్లు విప్పి తొడుక్కుంది. అవి చిరిగాక మండలి ఆడవాళ్ళు ఇచ్చినవి తొడుక్కుంటోంది. తనకంటూ పిల్లలు కలగలేదు. ముత్యాలరాజు పోయాడు. పసిపిల్ల సత్యదుర్గ పెరిగి, పెళ్ళయి, మండపేటలో ఉంది. భర్త రైసుమిల్లులో గుమాస్తా. చిన్నమ్మలుని పిన్నీ అనే పిలుస్తుంది.

సాయంత్రం హాల్లో బాపిరాజు మాస్టారు కంచు తాళాలు మెళ్ళో వేసుకుని వచ్చారు. సన్నటి మనిషి, తెల్ల పంచె, నోట్లో ఎప్పుడూ ఈల. మాట్లాడాలంటే దాన్ని దవడ పక్కకి నెట్టి మాట్లాడతారు.

"చీపురు అక్కడ పెట్టి రా చిన్నమ్మలూ. ఇవాళ పిలవకుండానే రావాలి నువ్వు."

"వస్తున్నానండి."

బయటి వరసలో మాధవీలత చోటు తలుపుకి ఎదురుగా ఉంటుంది. ఆమె ఎదుట లోపలి వరసలో సూర్యావతి. బొద్దుగా, ముక్కుపుడకతో, ఆట కన్నా మాట ఎక్కువ.

"పిన్నిగారూ, గట్టిగా కొట్టకండి. చేతికి గోరింటాకు పెట్టించుకున్నాను శనివారం కోసం."

"రెండు రోజులు ముందే పెట్టేసుకున్నావేంటి?"

"పండాలి కదండీ. మీకేం, మీ చేతులు పీచు రంగులోనే పండిపోయేయి."

ఈల మోగింది. ఆట మొదలైంది. చిన్నమ్మలు మాధవీలతలా నడుము వంచి కర్ర తగిలించింది. రెండో విడత కాగానే మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"ఎవరిలా ఆడుతున్నావు?"

ఆమె కర్రలు దించింది.

"ఆ అమ్మాయి వెళ్ళిపోతోంది కదా. నీలా ఆడు."

తనలా అంటే ఎలాగో తెలియక కాసేపు నిలువుగా ఆడింది. ఎంత వంగాలో, అడుగు ఎంత వెయ్యాలో ఏదీ తేలలేదు. తర్వాత పాట ఊపందుకున్నాక ఆ సంగతి మరిచిపోయింది. కాళ్ళు వాటంతట అవే ఒక పద్ధతికి వచ్చాయి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. బిందెలు మోసిన భుజాల్లోంచి దెబ్బ నేరుగా కర్రలోకి దిగుతోంది. మాస్టారు తల ఊపి తాళం జోరు పెంచారు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో ఎవరి పిల్లాడో పడి ఏడ్చాడు. అవతలి పక్క నుంచి వాళ్ళమ్మ కర్రలు కింద పడేసి పరుగెత్తింది. వరసలో ఖాళీ పడింది. చిన్నమ్మలు అది చూడటం, అటు వెళ్ళిపోవడం ఒక్కసారే జరిగింది. నాలుగు అంగల్లో ఆ చోటికి చేరి, ఆ మనిషిలాగే తల పక్కకి వాల్చి, దెబ్బ తప్పకుండా కర్ర అందుకుంది. ఇటుపక్క సూర్యావతి ఎదుట ఎవరూ లేరు. ఎత్తిన కర్ర ఆపుకోలేక తన వేళ్ళ మీదే కొట్టుకుంది.

"అయ్యో నా గోరింటాకు" అంది సూర్యావతి. వరస మొత్తం నవ్వుతూ చెదిరిపోయింది.

చిన్నమ్మలుకి ఏం జరిగిందో అప్పటిగ్గానీ తెలియలేదు. తిరిగి తన చోటికి వచ్చి నిలబడింది. చెవులు వేడెక్కాయి.

మాస్టారు కోప్పడలేదు. ఈల పక్కకి నెట్టి నెమ్మదిగా చెప్పారు. "వాళ్ళ ఖాళీ వాళ్ళది. ఎదర మనిషి లేకపోతే గాల్లో కొట్టి తిరగడం వాళ్ళకి వచ్చు. నువ్వు కదిలితే రెండు ఖాళీలు."

"ఆయ్. అలవాటండి."

"శనివారం ఎవరు పడిపోయినా, గుడి గోపురం పడిపోయినా నువ్వు కదలకు."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మాస్టారే కావాలని అవతలి పక్క ఒకావిడని బయటికి పిలిచారు. చిన్నమ్మలు కుడికాలు లేచింది. దాన్ని నేల మీద ఆనించి, సూర్యావతి ముక్కుపుడక మీద చూపు పెట్టి అక్కడే ఆడింది. ఆట అయిపోయాక ఎవరూ ఆమెని మెచ్చుకోలేదు. మిగతా అందరితో పాటు ఆమెకీ కూజాలోంచి నీళ్ళు ముంచి ఇచ్చారు. రోజూ ఆ నీళ్ళు ముంచేది ఆమె.

హాలు సర్దాక ఎర్ర గుడ్డ ముక్క కొనుక్కుని టైలరు జీవరత్నం ఇంటికి వెళ్ళింది. మాధవీలత జాకెట్టు ఆమె భుజాలకి పట్టదు. జీవరత్నం చర్చి వీధిలో వరండాలో మిషను వేసుకుని కుడుతుంది. దండెం మీద కోలాటం వాళ్ళ ఎర్ర జాకెట్లే వరసగా ఉన్నాయి.

"కొలతకి జాకెట్టు తెచ్చేరాండి?"

చిన్నమ్మలు ఒంటి మీద జాకెట్టు చూపించింది. "ఇది వేరే వాళ్ళది."

జీవరత్నం టేపు మెళ్ళోంచి తీసి, "చేతులెత్తండి" అంది. టేపు చల్లగా చంకల కింద నుంచి చుట్టు తిరిగింది. చిన్నమ్మలుకి చక్కిలిగిలి పుట్టి మెలికలు తిరిగింది. "పెళ్ళికూతురిలా సిగ్గు పడకండీ, కొలత తప్పుతుంది" అని జీవరత్నం గదమాయించింది.

"లోపల గుడ్డ కొంచెం ఎక్కువ వదులమ్మా. రేపు ఎవరికైనా పనికొస్తుంది."

"ఎవరికో ఎందుకండీ? మీకు కుడుతుంటే." జీవరత్నం సుద్దముక్క చెవి మీద పెట్టుకుంది. "వదిలితే చంకల్లో ముద్దలా ఉండి చెయ్యి పైకి లేవదు. మీరు ఎగరాలి కదా. ఒంటికి సరిపడా కుడతాను. రేపు సాయంత్రం తీసుకెళ్ళండి."

"అలాగే కుట్టు" అంది చిన్నమ్మలు.

తాళం వెయ్యడానికి మండలికి తిరిగి వచ్చేసరికి ఆఫీసు గదిలో ఫోను మోగుతోంది. సత్యదుర్గ.

"పిన్నీ, మా అత్తగారికి కాలు బెణికింది. మంచం దిగట్లేదు. పిల్లలకి పరీక్షలు. ఆడబడుచుని అడిగితే సోమవారం వస్తానంది. ఈలోపు నువ్వేమన్నా రాగలవేమోనని."

చిన్నమ్మలు ఫోను తీగ వేలికి చుట్టుకుంది.

"కుదరకపోతే ఫరవాలేదు పిన్నీ. పక్కింటావిడ వంట చేసి పెడతానంది. ఊరికే అడిగేను."

"శనివారం..."

"శనివారం ఏంటి?"

బయట కాలవ మీద పడవలో ఎవరో కొబ్బరికాయలు దింపుతున్న చప్పుడు. ఒక్కొక్కటీ గట్టు మీద పడుతోంది.

"ఏం లేదు" అంది. "రావులపాలెం బస్సు ఇంకా ఉంటుంది. వచ్చేస్తాను."

చీర బీరువాలో పెట్టింది. తొట్టిలో పీచు పిండి చాప మీద ఆరేసింది. తాళంచెవి ఇవ్వడానికి సూర్యావతి ఇంటికి వెళ్ళింది. సూర్యావతి గుమ్మంలో కూర్చుని వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది.

"ఇప్పుడు మండపేటా? ఎవరికేమైందండి?"

"వియ్యపురాలికి కాలు బెణికింది."

"వాళ్ళు రమ్మన్నారా?"

"కుదిరితే రమ్మంది."

సూర్యావతి నూనె గిన్నె పక్కన పెట్టింది. "శనివారానికి వచ్చేస్తారా మరి?"

"చూస్తాను."

"మీరు చూసే చూపు నాకు తెలుసులెండి" అంది సూర్యావతి. చిన్నమ్మలు నవ్వి, చేతిసంచి చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది.

శనివారం వాడపల్లిలో జనం బాగా వచ్చారు. మాస్టారు చిన్నమ్మలు కోసం ఆఖరి నిమిషం దాకా ఎదురుచూసి, ఏడు జతలతో ఆడించారు. జత లేని సూర్యావతి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, పండిన చేతులు కట్టుకుని పక్కన నిలబడి చూసింది. సోమవారం సత్యదుర్గ ఆడబడుచు రాలేదు. తర్వాత పిల్లల సెలవులు వచ్చాయి. ఆ తర్వాత వియ్యపురాలు కోలుకుంది గానీ, ఇంట్లో చిన్నమ్మలు చేతి వంట అందరికీ అలవాటైపోయింది. మండలిలో వేరే ఆయాని పెట్టుకున్నారు.

జీవరత్నం దండెం మీద మిగతా జాకెట్లన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. భుజాలు వెడల్పుగా, పొడవు తక్కువగా ఉన్న ఎర్ర జాకెట్టు ఒకటి మిగిలిపోయింది. ఇద్దరు ముగ్గురు ఒంటి మీద పెట్టి చూసుకున్నారు గానీ ఎవరికీ సరిపోలేదు. హుక్కులన్నీ కుట్టి ఉన్నాయి. మెడ దగ్గర గుండుసూదికి గుచ్చిన కాగితం ముక్క మీద, వానకి కాస్త అలుక్కుపోయిన జీవరత్నం చేతిరాతలో, చిన్నమ్మలు అని ఉంది.