హెల్మెట్ మీద దొంగ కుట్టు

బట్టలు కుట్టే ఆమె సంచీలోంచి హెల్మెట్ తీసి వినియోగదారుల రక్షణ అధికారి బల్ల మీద పెట్టింది. నుదుటి దగ్గర మొదలైన పగులు వెనకదాకా పాకింది.

“మా తమ్ముడిదండీ. మలుపులో స్కూటర్ జారింది. పెద్ద వేగం కూడా లేదు. తలకి ఎనిమిది కుట్లు పడ్డాయి.”

“ఇప్పుడెలా ఉన్నాడమ్మా?” అడిగింది అధికారి. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది.

“మంచం మీంచే నాకు పనులు పురమాయిస్తున్నాడు. బాగున్నట్టే.”

“దుకాణంవాళ్ళేమన్నారు?”

“పట్టీ మీద నాణ్యత గుర్తు వేసి ఉంది కదా, మీవాడికే బండి నడపడం రాదేమో అన్నాడండీ. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి ఆ గుర్తునే తిప్పితిప్పి చూశాను.”

గడ్డం కింది పట్టీని ఆమె వెలుతురుకు పట్టుకుంది. “ఈ పట్టీ కుట్టింది ఫ్యాక్టరీ మిషను. గుర్తున్న ఈ గుడ్డముక్కని మాత్రం నా దగ్గరున్నటువంటి ఇంటి మిషను మీద తర్వాత కుట్టారు. దారం కూడా చొక్కాలకి వాడేదే. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని నాది, పొరపాటు పడను.”

అధికారి భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. “మీ మాట నేను నమ్ముతాను. నేను నమ్మితే చాలదు, పరీక్షలో తేలాలి. అందాకా దుకాణం వైపు వెళ్ళకండి. వాడికి ఉప్పందితే సరుకు మాయమైపోతుంది.”

మర్నాడే కార్యాలయం మనుషులు మామూలు కొనుగోలుదారుల్లా వెళ్ళి మూడు హెల్మెట్లు కొన్నారు, సీలు వేసి ప్రయోగశాలకు పంపారు. పై నుంచి ఇనుప దిమ్మె పడేసరికి మూడూ పెంకుల్లా పగిలాయి. పదహారో రోజున ఆమెకు ఫోనొచ్చింది.

“ఆ దుకాణం గోడౌన్ తనిఖీకి వెళ్తున్నాం. కుట్టు గుర్తుపట్టేవాళ్ళు కావాలి. వస్తారా?”

చేతిలో ఉన్న చొక్కాను పక్కన పెట్టి ఆమె బయలుదేరింది.

దుకాణదారుడు ఆమెను చూడగానే గొంతులో తేనె కలిపాడు. “అక్కా, ఇంతదానికి ఇంత గొడవెందుకు? మీ తమ్ముడికి కొత్తది ఇస్తాను.”

“మా తమ్ముడిది ఒక్క తల. నువ్వమ్మినవి ఎన్ని తలల మీదున్నాయో చెప్పు.”

అతను అధికారి వైపు తిరిగాడు. కంపెనీ నుంచి అలాగే వచ్చాయని, తనకేమీ తెలియదని చెప్పాడు. ఈలోగా ఆమె చూపు మూలనున్న పాత దుప్పటి మీద పడింది. దాని కిందున్న వంపు ఆమెకు రోజూ కళ్ళెదుట ఉండేదే.

“ఆ దుప్పటి తీయించండి మేడమ్.”

తీస్తే కుట్టుమిషను. దాని పక్కన గోనెసంచీ నిండా నాణ్యత గుర్తులు. అధికారి ఒప్పుకోగానే ఆమె గుడ్డపీలిక మీద జానెడు కుట్టి చూపించింది. అయిదారు కుట్లకొకటి తప్పుతోంది. తమ్ముడి హెల్మెట్ మీదా అచ్చం అదే వరస. ఇక దుకాణదారుడు బుకాయించలేదు. హెల్మెట్ డొప్పలు ఎక్కడ పోత పోస్తున్నారో ఆ షెడ్డు చిరునామా తనే చెప్పాడు.

సాయంత్రానికల్లా రెండు చోట్లా తాళాలు పడ్డాయి. ఆ హెల్మెట్లు వాడొద్దని, వెనక్కి తెచ్చిస్తే డబ్బు వాపసు ఇప్పిస్తామని రేడియోలో, పేపర్లో ప్రకటన వచ్చింది.

సోమవారం కార్యాలయం ముందు హెల్మెట్లు తెచ్చినవాళ్ళ వరస మెట్లు దిగి వీధిలోకొచ్చింది. ఏది దొంగదో, ఏది అసలుదో తేల్చలేక గుమాస్తాలు తలలు పట్టుకున్నారు. అధికారి కబురు పెడితే ఆమె వచ్చి, కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని, వాళ్ళకు కుట్టు చూడటం నేర్పింది. మధ్యాహ్నానికి గుమాస్తాలే తడుముకోకుండా వేరు చేస్తున్నారు.

“ఇంక నేను వెళ్ళొస్తానండీ,” అని ఆమె లేచింది. “అక్కడ నా పనంతా పేరుకుపోయింది.”