రెండు ఊళ్ల రాహుకాలం

బ్యాంకాక్‌లో ఆ గురువారం ఉదయం ఉదయ్‌భాస్కర్ చూడవలసినవన్నీ చూశాడు. నది ఒడ్డున పింగాణీ ముక్కలు పొదిగిన గుడి గోపురం ముందు తోటి విద్యార్థులు ఫోటోలు దిగుతుంటే తనూ ఓ చివర నిలబడి నవ్వాడు. మనసు మాత్రం మధ్యాహ్నం వెళ్లబోయే టోకు బజారులో ఉంది.

భీమవరం కాలేజీ ఎంబీఏ విద్యార్థులను ప్రసన్నలక్ష్మి మేడమ్ స్టడీ టూర్‌కు తీసుకొచ్చారు. మిగతావారికి అది విహారం, ఉదయ్‌కి పరీక్ష. రాజమండ్రి మెయిన్ రోడ్డులో అతని తండ్రి రాజేంద్రగారికి గాజులు, రిబ్బన్లు అమ్మే ఫ్యాన్సీ షాపు ఉంది. అందులో ఆడవాళ్ల చేతిసంచులకు ఒక కౌంటర్ పెడదామని కొడుకు ఏడాదిగా అడుగుతున్నాడు. బయల్దేరే ముందు తండ్రి తేల్చి చెప్పారు: "నువ్వే ఏరి పట్టుకురా. సరుకు బాగుంటే కౌంటర్ నీది. లేదంటే అక్కడ స్టీలు డబ్బాలు పెడతాను."

భోజనాల దగ్గర ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఇవాళ గురువారం. ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. ఆ వేళ బోణీ బేరం చేయకు."

"మన టైమా నాన్నగారూ, ఇక్కడి టైమా? ఇక్కడ గంటన్నర ముందుంటుంది."

ఆ ప్రశ్న షాపు గోడ మీది క్యాలెండర్‌లో లేదు.

"రెండూ వదిలెయ్. పోయేదేముంది?"

పోయేది ఎంతో ఉంది. బ్యాంకాక్ రాహుకాలం మూడింటికి ముగిసిన క్షణంలో అక్కడ రాజమండ్రి రాహుకాలం మొదలై, ఇక్కడి నాలుగున్నర దాకా నడుస్తుంది. మేడమ్ బజారుకు ఇచ్చిన వ్యవధి రెండు నుంచి నాలుగు. రాహువు ఆకాశంలో ఏ దూరదర్శినికీ అందడు గాని, పనివేళలు మాత్రం ఏటా తప్పకుండా అచ్చవుతాయి. రాజేంద్రగారు వెనకెప్పుడో రాహుకాలంలో గొడుగులు కొంటే ఆ ఏడు వానలు పడలేదు. ఆ సంగతి ఇప్పటికీ చెబుతారు. మంచివేళ చూసి తెప్పించిన ప్లాస్టిక్ దండలు అటక మీద దుమ్ముకొట్టుకుపోతున్న సంగతి ఎవరికీ చెప్పరు.

బస్సులో పక్క సీటు నాగదుర్గ అంతా విన్నది. ఆమెది ఉప్పాడ, తండ్రికి వేటబోటు ఉంది.

"ఏంటి, రాహువు మీ ఇంటి కోసం రెండు షిఫ్టులు చేస్తున్నాడా?" అంది.

"నవ్వకు. నా కౌంటర్ పోతుంది."

"మా నాన్న బోటు తీసేప్పుడు మా ఊరి పోటే చూసుకుంటాడు. విశాఖలో పోటెప్పుడో ఆయనకెందుకు? సూర్యుడు ఇక్కడ ముందే లేచాడు కదా, ఇక్కడి లెక్కే పట్టుకో. మూడు దాటాక కొనుక్కో."

ఆ మాట అతనికి ఊపిరి పోసింది. మూడు వరకు చూడటం, తర్వాత కొనడం అనుకున్నాడు.

టోకు బజారులో, ఇద్దరు మనుషులు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగవలసిన సందులో, ఒక నడివయసు ఆవిడ దుకాణం దగ్గర అతను ఆగిపోయాడు. తుంగతో అల్లి, నూలుగుడ్డ లోపలి అస్తరుగా వేసిన సంచులు. చిన్నప్పటినుంచి తండ్రి పక్కన కూర్చుని నేర్చినట్టే సంచిని తిరగేసి కుట్టు చూశాడు, జిప్పు పదిసార్లు లాగాడు, పిడి మీద తన బరువంతా వేసి లాగి చూశాడు. ఆవిడ నవ్వింది గాని అడ్డు చెప్పలేదు. రాజమండ్రిలో ఏ షాపులోనూ అతను ఇలాంటివి చూడలేదు.

అప్పుడే చక్రాల పెట్టె లాక్కుంటూ మరో కొనుగోలుదారు వచ్చాడు. వచ్చినవాడు ఏదీ తిరగేయలేదు. చేతికందినవన్నీ పక్కన పెట్టిస్తున్నాడు. ఆవిడ ఉదయ్ వైపు చూసింది, క్యాలిక్యులేటర్ ముందుకు జరిపింది.

"ఇంకా మూడు కాలేదు," అన్నాడు ఉదయ్, వెంట వచ్చిన నాగదుర్గతో.

"తెలుసు. అతనికి చెప్పు, ఆగుతాడేమో."

ఉదయ్ సంచి మీద చెయ్యి తీయలేదు. మంచి సరుకని ఈ చేతికి తెలుసు. కాదని చెప్పేది గడియారం ఒక్కటే, దానికి కుట్టు చూడటం రాదు. ఇది ఎవరితోనూ వాదించి గెలిచే పని కాదని కూడా అతనికి తోచింది.

"మిగిలినవన్నీ నాకే," అని ఆవిడకు చేతులతో చెప్పాడు.

బస్సెక్కాక తనే వీడియో కాల్ చేశాడు. రాజేంద్రగారు షాపులోనే ఉన్నారు.

"కొన్నానండి. రాహుకాలంలోనే కొన్నాను. ఆగితే వేరేవాళ్లు పట్టుకుపోయేవారు."

తండ్రి మొహం బిగుసుకుంది. పక్కన ఎవరో పిన్నులు అడిగితే చేత్తోనే ఆగమన్నారు.

"చెప్పింది వినవన్నమాట."

"సరుకు చూడండి నాన్నగారూ. బాగోలేదంటే స్టీలు డబ్బాలే పెట్టుకోండి."

ఉదయ్ సంచిని తిరగేసి ఫోన్ ముందు పట్టుకున్నాడు. రాజేంద్రగారు కళ్లజోడు పైకి తోసుకుని తెరకు దగ్గరగా వచ్చారు.

"జిప్పు లాగు." లాగాడు.

"అస్తరు అతికించారా, కుట్టారా?"

"కుట్టారండి. రెండు వరసలు."

"మూల చూపించు." చూపించాడు. తండ్రి చాలాసేపు చూశారు.

"ఆవిడ ఫోన్ నంబరు తీసుకున్నావా?"

"లేదండి."

"నంబరు లేకుండా కొన్నావా? ఇవి అయిపోతే మళ్లీ ఎక్కణ్ణుంచి తెప్పిస్తావురా, నీ మొహం."

డ్రైవరు అప్పటికే ఇంజను స్టార్ట్ చేశాడు. ఉదయ్ సంచిని నాగదుర్గ ఒళ్లో పడేసి లేచాడు.

"ఒక్క ఐదు నిమిషాలు మేడమ్, ప్లీజ్ అండి."

"ఎక్కడికయ్యా, అందరూ ఎక్కేశాక?" అని ప్రసన్నలక్ష్మి మేడమ్ అడుగుతూనే ఉన్నారు. అతను మెట్లు దిగి, వచ్చిన సందులోకి పరుగుతీశాడు.