మూడో నెల నిండకముందే

పుత్తూరులో కట్టు కట్టేవాళ్ళు ముందు ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. మహిత అయిదేళ్ళ మోహనను ఎత్తుకుని ఆ సందులోని ఎక్స్‌రే సెంటరుకు వచ్చింది. మోహన ఆమె ఆడబిడ్డ కూతురు. గేటెక్కి ఊగుతూ కిందపడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

"బిడ్డను సూసుకోమంటే సెల్లు సూసుకుంటా కూసున్న్యావు," అని అత్త రాఘవమ్మ దారి పొడవునా సణుగుతూనే ఉంది.

బల్ల మీద పడుకోనని మోహన గుక్కపెట్టింది. మిషను నడిపే భానుచందర్ విసుక్కున్నాడు.

"ఎవురన్నా లోపలికొచ్చి ఈ పాప చెయ్యి పట్టుకోండి. బయట ఇంకా జనం ఉండారు."

"నువ్వు పో," అంది రాఘవమ్మ.

మహిత కదల్లేదు. ఆమెకు రెండో నెల. పోయినేడు ముందే అందరికీ చెప్పబట్టే దిష్టి తగిలి కడుపు పోయిందని అత్త నమ్మకం. ఈసారి మూడో నెల నిండేదాకా నోరు మెదపనని ఒట్టు వేయించుకుంది.

"అత్తా, నాకు..."

రాఘవమ్మ ఆమె మోచేతిని గట్టిగా గిల్లింది. "ఊరుకో. ఫోటో తీస్తే ఏమైపోతావు?"

తలుపు పక్కన ఒక బోర్డు, దాని మీద క్యాలెండరు వేలాడుతున్నాయి. ఫ్యాను గాలికి క్యాలెండరు లేచినప్పుడల్లా 'గర్భిణులు ముందుగా తెలియజేయ' అన్న మాటలు కనబడి మళ్ళీ మూతపడుతున్నాయి.

"ఏమ్మా, దర్శనం క్యూలో ఉన్నట్టు నిలబడుకోనుండావే?" అన్నాడు భానుచందర్.

"నేను కడుపుతో ఉండాను. పట్టుకోను."

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది గొంతు. బెంచీ మీది వాళ్ళంతా ఇటు తిరిగారు.

"ముందే చెప్పేదానికేం?"

"చెప్పమని రాసిన బోర్డు మీద క్యాలెండరు తగిలించింది ఎవురు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. భానుచందర్ మొహం మాడిపోయింది. కిరణాలు తగలకుండా తొడుక్కునే సీసం కోటును మడిచి కుర్చీలో మెత్తలాగా వేసుకుని ఉన్నాడు. దాన్ని లాగి రాఘవమ్మ చేతుల్లో పడేశాడు.

"అయితే నువ్వే రా, పెద్దమ్మా."

ఆ బరువుకు తూలుతూ రాఘవమ్మ కోడలి వైపు చూసింది. "ఊరంతా ఇనేట్టు అరిచినావు గదా. ఈసారి ఏమన్నా అయితే ఆ పాపం నీ నోటిదే."

తలుపు మూసుకుంది. పైన ఎర్రలైటు వెలిగింది.

బెంచీ మీద ఒకామె జరిగి చోటిచ్చింది. "ఎన్నో నెలమ్మా?"

"రెండు," అంది మహిత, కడుపు మీద చెయ్యి పెట్టుకుని.

లోపల మోహన ఏడుపును మించి అత్త శాపనార్థాలు వినిపిస్తున్నాయి. మహిత చెయ్యి తీయలేదు.