పచ్చది పెట్టుమంటే

ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లలో గిటారు వాయిస్తున్నవాడికి ఒక డబ్బా ఎంచుకోవడం ఏం పెద్ద పని అనుకుంటాం. పరశురాంకు మాత్రం ఆ పొద్దున ప్రాణం విసిగిపోయింది. ఎదురుగా నేల మీద రెండు ఇనుప డబ్బాలున్నాయి. కాలితో నొక్కితే గిటారు గొంతు బొంగురుపోతుంది. వాటినే ఓవర్‌డ్రైవ్ పెడళ్లంటారు. పాతది మొన్నటి పెళ్లిలో మూగబోయింది. శేరిగూడలో ఇంజినీరింగు కాలేజీల ఎదుట వాయిద్యాలు కిరాయికిచ్చే దివాకర్ ఈ రెండూ సంచిలో వేసి, "ఇంట్ల వాయించి చూస్కో అన్నా. మంచిగనిపించింది ఉంచుకో, ఇంకోటి వాపస్ తే" అన్నాడు.

గంటలో బొంగులూరు పోవాలి. అక్కడ రింగురోడ్డు పడి ఎకరాలు గజాలైపోయాక పెళ్లిళ్లూ బలిశాయి. బ్యాండు యజమాని ఇంద్రసేన ముందే చెప్పేశాడు.

"నీ గిటారు నీకన్న వినవడ్తున్నదా పరశురాం? కీబోర్డుల గిటారు బటన్ ఉన్నది. ఈ పెండ్లిల గూడ వినవడకుంటే గా బటనే ఒత్తుకుంటం. ఏమనుకోకు."

ఏమనుకోకు అంటే అనుకోకుండా ఉంటామా? నలభై రెండేళ్ల మనిషి స్థానంలో ఒక బటన్! ఇంకో పని నేర్చుకునే ఓపిక కూడా అతనికి లేదు.

ముందు పసుపు రంగు డబ్బా నొక్కాడు. గదంతా నిండిపోయింది. కింది తంతి లావుగా, పై తంతి మెరుపుగా, మొత్తానికి సినిమాల్లో గిటారులా దర్జాగా ఉంది. తర్వాత ఆకుపచ్చది నొక్కాడు. లావంతా ఎగిరిపోయి నడిమి స్వరాలు మాత్రం ముందుకు తోసుకొచ్చాయి. ఎవరో ముక్కుతో పాడినట్టుంది.

వంటింట్లో జొన్నరొట్టె కొడుతున్న భార్య భవాని చేయి ఆగింది.

"అగో, మామ లెక్కున్నది."

"ఏంది?"

"గా గొంతు. మామ సన్నాయిల గట్లనే జీర ఉండేది."

పరశురాం చటుక్కున కాలు తీసేశాడు.

వాళ్ల నాయన మల్లేశయ్య ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పేరున్న సన్నాయి కళాకారుడు. చిన్నప్పుడు పరశురాం పక్కన కూర్చుని శ్రుతి ఊదేవాడు. గంటల తరబడి ఒకే స్వరం. బుగ్గలు లాగేసేవి. "సన్నాయికి జీర ఉండాలెరా. గొంతు నున్నగుంటే పెండ్లిపిల్లకు ఏడుపు రాదు" అనేవాడు నాయన. అంత విద్య ఉన్నవాణ్ణి పెళ్లివాళ్లు పేరు పెట్టి పిలవలేదు. "ఏ సన్నాయీ!" అని కేకేసేవాళ్లు. అందరూ తిన్నాక ఆఖరి బంతిలో ఆకు వేసేవాళ్లు. పరశురాంకు పన్నెండేళ్లప్పుడు ఒక పెద్దోళ్లింటి పెళ్లిలో ఆ ఆఖరి బంతికి అన్నం కూడా మిగల్లేదు. నాయన రెండు చెంబుల నీళ్లు తాగి, "ఆకలి లేదు తియ్" అన్నాడు. నాలుగు మైళ్లు నడిచి ఇంటికొచ్చారు.

అందుకే గిటారు పట్టాడు. ఎవరి కొడుకువని ఎవరడిగినా "బ్యాండోణ్ని" అని తప్పించుకునేవాడు. నాయన పోయి నాలుగేళ్లయింది. సన్నాయి బట్టలో చుట్టి అటక మీదుంది. దాన్ని వదిలించుకోవడానికి ఇంత తిరిగితే, ఇప్పుడది డబ్బాలోంచి పిలుస్తోందా?

"పచ్చది సంచిల పెట్టు. ఇంకోటి దివాకర్‌కు వాపస్ ఇచ్చేది" అని భార్యకు చెప్పి, స్నానానికి పోయాడు.

బొంగులూరులో బ్యాండు ట్రాలీ పక్కన సంచి విప్పి చూస్తే లోపల ఆకుపచ్చ డబ్బా ఉంది. పరశురాంకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పచ్చదన్నప్పుడు అతని మనసులో ఉన్నది పసుపు, ఆమెకు తట్టింది ఆకు. కామెర్లూ పచ్చే, చిలుకా పచ్చే అయిన భాషలో సంసారం చేస్తే ఇంతే మరి.

వెనక్కి పోయే టైము లేదు. ఎదుర్కోళ్లకు ఆడపిల్లవాళ్లు హారతి పళ్లేలతో బయల్దేరారు. మగపెళ్లివారిని విడిది దగ్గర కలుసుకుని, బ్యాండుతో పందిట్లోకి తేవాలి. ఇంద్రసేన చెయ్యి ఊపాడు. డ్రమ్ములు లేచాయి, కీబోర్డు లేచింది. కానియ్, ఈ ఒక్క పూటతో పోతుంది నౌకరి, అనుకుంటూ పరశురాం ట్రాలీ ఎక్కి పెడల్ నొక్కాడు.

ట్రాలీ మీది మైకు బాకాల్లో లావు శబ్దమంతా డ్రమ్ములదే. పైన కీచుమనేదంతా కీబోర్డుది. రెండింటి నడుమ ఉన్న సందులోంచి ఆ ముక్కు గొంతు తలెత్తుకుని బయటికి నడిచింది. ఇంద్రసేన తల తిప్పి చూశాడు. ఇంట్లో అంత దర్జాగా వినబడ్డ పసుపు డబ్బా ఈ గోలలో మునిగిపోయేదని పరశురాంకు అప్పుడర్థమైంది. వేళ్లు వాటంతటవే తంతిని లాగి స్వరాన్ని ఏడిపించసాగాయి. అది నాయన పద్ధతి. నేర్చుకున్నట్టు కూడా అతనికి గుర్తులేదు.

విడిది వాకిట్లో కుర్చీలో కూర్చున్న పెళ్లికొడుకు నానమ్మ వజ్రమ్మ చెయ్యెత్తింది.

"ఆగున్రి జర. సన్నాయి ఎవలు ఊదుతున్నరు?"

"సన్నాయి గాదు నానమ్మా, గిటారు" అని మనవరాలు నవత నవ్వింది.

"నాకేం చెవుడు లేదు." ముసలామె కర్ర పట్టుకుని ట్రాలీ దాకా వచ్చి పరశురాం ముఖంలోకి చూసింది. "నువ్వు ఎవ్వలి కొడుకువు బిడ్డా?"

బ్యాండోణ్నన్న మాట నాలిక దాకా వచ్చింది. కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. వదలని తంతి సన్నగా మోగుతూనే ఉంది. అది మోగుతుంటే అబద్ధమాడడం అతనివల్ల కాలేదు.

"ఇబ్రహీంపట్నం మల్లేశయ్య కొడుకును. సన్నాయి మల్లేశయ్య."

వజ్రమ్మ కర్ర ట్రాలీకి ఆనించింది.

"నా చిన్నబిడ్డ పెండ్లికి ఊదిండు మీ బాపు. నేను ఏడువద్దనుకున్న, ఏడిపిచ్చిండు. ఆ దినం ఆఖరి బంతికి అన్నం ఒడిసిపోయింది. ఆయన ఆకలి లేదని పోయిండు. వెంబడి చిన్న పిలగాడు గూడ ఉండె. నాకు యాదున్నది. నువ్వు మొదటి బంతిల కూసోవాలె."

"ఇప్పుడు బంతులేడున్నయి నానమ్మా, అంతా బఫే" అంది నవత.

"అయితే మొదటి పళ్లెం గీయనకే ఇయ్యున్రి."

భోజనాల వేళ అలాగే ఇచ్చారు. పరశురాం మెడలో గిటారుతో, చేతిలో ఖాళీ పళ్లెంతో వరసలో అందరికన్నా ముందు నిలబడ్డాడు. వెనక జనం చూస్తున్నారు. సిగ్గు ముంచుకొచ్చింది. అన్నం కలుపుతుంటే నాయన తాగిన రెండు చెంబుల నీళ్లు గుర్తొచ్చి కళ్లు మండాయి. అయినా మెతుకు వదలకుండా తిన్నాడు.

"గా డబ్బనే ఉంచుకో. బటన్ ముచ్చట మర్చిపో" అన్నాడు ఇంద్రసేన, చెయ్యి కడుక్కుంటూ.

ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా పులిసిపోయింది. భవాని సంచి అందుకుంది.

"పచ్చది పెట్టుమంటే గిది పెట్టినవేంది?" అన్నాడు.

"పచ్చదే పెట్టిన" అంది ఆమె, అతని ముఖం చూడకుండా. "తిన్నవా?"

"తిన్న. అందరికన్న ముందుగాల పెట్టిన్రు" అని పరశురాం గోడవైపు తిరిగి పడుకున్నాడు.