బొచ్చె తలకాయ

ఏలూరు నుంచి కొల్లేరు లంకల్లోకి తిరిగే పల్లెవెలుగు బస్సు కండక్టరు హనుమంతరావుకి ఆస్తిపాస్తులేం లేవు. ఉన్నదల్లా ఒక్క హక్కు. బస్సు మధ్యాహ్నం ఆఖరి స్టాపులో అరగంట ఆగుతుంది. అక్కడ చేపల చెరువు పక్కన రేకుల షెడ్డులో నూకరత్నం మెస్సు నడుపుతుంది. రోజుకి ఒక్కటే పెద్ద బొచ్చె చేప తెచ్చి పులుసు పెడుతుంది. చేప ఎంత పెద్దదైనా తలకాయ ఒక్కటే కదా! పదకొండేళ్ళుగా ఆ తలకాయ హనుమంతరావు విస్తట్లోనే పడుతోంది. డ్రైవరు గంగరాజుకి కూడా నడుం ముక్కే. ఎవరైనా ఆశపడి అడిగితే, "అది కండక్టరుగారిదండీ" అనేస్తుంది.

ఇంత మర్యాద జరుగుతుంటే ఎవరికో ఒకరికి చూపించుకోవద్దూ? చూపించుకోవలసిన మనిషి తోడల్లుడు ఫణికిరణ్. హైదరాబాదులో ఏదో ఉద్యోగం చేస్తాడు గానీ, అతని అసలు పని ఊరంతా తిరిగి, తిని, వీడియోలు తియ్యడం. అత్తగారింట్లో ఎప్పుడు కలిసినా అందరూ అతని ఫోను చుట్టూ మూగుతారు. పాత బంగళాలో బారట, రైలు పెట్టెలో హోటలట, మేడ మీద పాటలు పాడించే పబ్బట. మామగారు సైతం నోరు వెళ్ళబెట్టి చూస్తుంటే, పెద్దల్లుణ్ణి మంచినీళ్ళు కావాలా అని అడిగే దిక్కుండదు. హనుమంతరావుకి ఒళ్ళు మండిపోయేది.

అందుకే ఈ వేసవిలో ఏలూరు వచ్చిన ఫణికిరణ్‌ని తన బస్సులోనే మెస్సుకి తీసుకెళ్ళాడు. నా విస్తట్లో ఏం పడుతుందో కళ్ళారా చూడనీ అనుకున్నాడు.

"మా తోడల్లుడుగారమ్మా. హైదరాబాదు," అన్నాడు, మీసం సవరించుకుంటూ.

"అయ్యో, రండి బాబూ, కూర్చోండి," అంది నూకరత్నం. గరిటెతో తలకాయ తీసి, నేరుగా ఫణికిరణ్ విస్తట్లో వేసింది.

హనుమంతరావుకి తోక ముక్క వచ్చింది. ఫణికిరణ్ ఆ తలకాయని అటు తిప్పి ఇటు తిప్పి వీడియో తీశాడు. "అన్నయ్యగారూ, ఇన్నాళ్ళూ ఇలాంటి చోటు దాచిపెట్టుకున్నారేంటండీ?" అన్నాడు.

మర్నాటి నుంచి తలకాయ మళ్ళీ హనుమంతరావుకే పడింది. అయినా ఆ ఒక్క పూటా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ పైన వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. భీమడోలు నుంచి, గూడెం నుంచి జనం ఏలూరు వచ్చి, అతని బస్సు దగ్గరే నిలబడి అడగడం మొదలెట్టారు. "ఏవండీ, ఆ హైదరాబాదు అబ్బాయి కనిపెట్టిన మెస్సుకి ఈ బస్సేనాండీ?"

కనిపెట్టాడట! పదకొండేళ్ళుగా తింటున్నవాడు టిక్కెట్లు కొట్టుకోవాలి, ఒక్క పూట తిన్నవాడు కనిపెట్టినవాడు! వారం ఓర్చుకున్నాడు. ఎనిమిదో రోజున ఎవరో అడిగితే, "మూసేశారండి. అంత దూరం ఎందుకు వెళ్ళడం?" అనేశాడు. వాళ్ళు వెనక్కి తిరిగిపోతుంటే అతని ప్రాణం హాయిగా ఉంది. అక్కణ్ణుంచి అడిగినవాళ్ళకల్లా అదే మాట. ఎవరో వీడియో కింద కూడా రాశారు, మెస్సు మూసేశారని.

నెల తిరిగేసరికి మెస్సులో బల్లలు ఖాళీ. రోజూ అన్నం తినే చెరువు కూలీలు తప్ప బయటివాళ్ళు లేరు. "జనం వస్తున్నారు కదాని సాయానికి అప్పలమ్మని కూడా పనిలో పెట్టుకున్నానండీ. ఒక్కసారిగా ఏమైపోయారో," అంది నూకరత్నం. హనుమంతరావు తలకాయ చీకుతూ, "జనం అంతేనమ్మా," అన్నాడు.

ఆ సోమవారం ఏలూరు బస్టాండులో అతను టీ తాగి వచ్చేసరికి, బస్సు తలుపు దగ్గర తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ముసలి దంపతులు నిలబడి ఉన్నారు. "బాబూ, నూకరత్నం మెస్సుకి..." అని వాళ్ళు ఇంకా అననే లేదు.

"మూసేశారండి. నెలయింది," అన్నాడు హనుమంతరావు.

"ఎవరి మెస్సండీ?"

పక్క కిటికీలోంచి వచ్చింది గొంతు. మొదటి సీట్లో, ఒళ్ళో సంచీతో నూకరత్నం కూర్చుని ఉంది. పొద్దున్నే పులుసు దించి, ఇంకో బస్సులో వచ్చింది. ఏలూరులో కర్రీ పాయింటువాళ్ళు వంటమనిషి కావాలన్నారని తెలిసి, పని అడిగి తిరిగి వెళుతోంది.

"ఎక్కండమ్మా, మెస్సు నాదే. తెరిచే ఉంది," అంది ముసలామెతో. హనుమంతరావు వైపు తిరిగి, "ఎంతమందితో చెప్పారండీ?" అని అడిగింది.

"లెక్క పెట్టలేదమ్మా," అన్నాడు.

మెస్సులో గూడెం దంపతులకి నడుం ముక్కలు వడ్డించింది. తలకాయ తెచ్చి హనుమంతరావు విస్తట్లో వేసింది.

"వద్దమ్మా. వాళ్ళకి వెయ్యి," అన్నాడు.

"ఆ రోజు మీ చుట్టం కదా, ఆయనకి తలకాయ వేస్తే మీకు పెట్టినట్టే అనుకున్నానండీ. కష్టంగా ఉంటే ఒక్క మాట చెప్పొచ్చు కదండీ." ఆమె గొంతు పెంచలేదు. "తినండి. ఇది మీదే."

తిట్టి ఉంటే లేచిపోయేవాడు. హనుమంతరావు తల వంచుకుని తిన్నాడు. నూకరత్నం పక్కనే నిలబడి, ఎప్పటిలాగే అడిగింది.

"ఇంకాస్త పులుసు వెయ్యమంటారాండీ?"