సంచిలోని కర్ర

తవ్వే యంత్రం తొట్టెలోంచి నల్లబురదతో పాటు జారిపడిన ఇనుప కడ్డీని చూడగానే ఫెర్గల్ టిమొనీ గుర్తుపట్టాడు.

యంత్రం నడుపుతున్న హ్యూయీ ఇంజను ఆపేసి, చేతులు పైకెత్తి అరిచాడు.

"పెద్దాయనా, వెనక్కి జరుగు! ఇది పేలే రకమైతే నా బండి కిస్తీలు నువ్వే కట్టాలి!"

పొయ్యిలోకి నల్లమట్టి గడ్డలు కోసుకునే ఆ టర్ఫ్ నేలల్లో ఎవరెవరు ఏ తుపాకులు, ఏ బాంబులు పాతిపెట్టారో డొనెగాల్‌లో గట్టిగా మాట్లాడుకోరు. కాబట్టి హ్యూయీ భయంలో సగం నిజమే. కానీ ఫెర్గల్ వెనక్కి జరగలేదు. అది పేలదని అతనికి తెలుసు. మూరెడు పొడవు, ఒక చివర గుండ్రటి పిడి, మధ్యలో ఇత్తడి బిళ్ళ. చివరిసారి దాన్ని చూసినప్పుడు అతనికి పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు యాభై ఎనిమిది.

"ఏమిటది?" అంటూ ఉనా బాయిల్ గట్టు దిగి వచ్చింది. కోటు చేతితో బిళ్ళను రుద్దింది. టర్ఫ్ దేన్నీ పాడవనివ్వదు. అక్షరాలు నిన్న చెక్కినట్టు బయటపడ్డాయి. డ్రమ్‌కీల్ – కారోబాన్.

ఉనా గట్టు మీద కూర్చుంది.

"మా నాన్న కడ్డీ," అంది.

ఆ మాట వినడానికి ఫెర్గల్ నలభై ఏళ్ళుగా భయపడుతూనే ఉన్నాడు.

పాత రైలుదారిని నడకదారి చెయ్యాలని మూడేళ్ళుగా ఊళ్ళో కమిటీ పనిచేస్తోంది. ఫెర్గల్ దానికి అధ్యక్షుడు, ఉనా కార్యదర్శి. పట్టాలు పీకేసి చాలా కాలమైంది. మిగిలింది కట్ట, రాతి వంతెనలు, రెండు పక్కలా పసుపుపచ్చగా పూసే ముళ్ళ గొర్స్ పొదలు, దూరంగా మబ్బులో మునిగి తేలే కొండలు. ఒక వంతెన కూలిపోయింది గనక దారిని అక్కడ అరమైలు పక్కకి, టర్ఫ్ నేల మీదుగా మళ్ళించాల్సి వచ్చింది. అందుకే హ్యూయీ ఇక్కడ కాలువ తవ్వుతున్నాడు. ఆదివారం, అంటే మర్నాడే, దారి ప్రారంభం.

ప్రతి ఆదివారం ఫెర్గల్ నడకకి వచ్చినవాళ్ళని వెంటేసుకుని కట్ట మీద తిప్పుతాడు. డ్రమ్‌కీల్ ప్లాట్‌ఫాం దగ్గర ఆగి, ఫ్లాస్కులో టీ పోసుకుని, కర్ర మాలకీ కథ చెబుతాడు. ఒకటే వరస పట్టాలు, రెండు స్టేషన్లకి ఒకటే కడ్డీ. రెండు బళ్ళు ఎదురుపడకుండా, అది తోలుసంచిలో పెట్టి డ్రైవరు చేతికిస్తేనే బండి కదలాలి. పందొమ్మిది వందల యాభై ఏడు అక్టోబరు సంతరోజున డ్రైవరు మాలకీ బాయిల్ దర్జాగా బండి నడుపుకుంటూ కారోబాన్ చేరాడు, అక్కడ మాటు వేసిన ఇన్‌స్పెక్టరు సంచి విప్పాడు, లోపల కడ్డీ లేదు, టర్ఫ్ పార పిడి ఉంది! జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు కూడా నవ్వేవారు.

తాగి కడ్డీని ఎక్కడో పారేసుకుని, కర్ర పెట్టి మోసం చేశాడని కంపెనీ తేల్చింది. మాలకీ ఉద్యోగం పోయింది. స్కాట్లాండ్‌లో కొండలు తొలిచే సొరంగాల పనికి పోయి, ఏటా క్రిస్మస్‌కి మాత్రం వచ్చేవాడు. ఆ చుట్టుపక్కల బాయిల్ అనే ఇంటిపేరువాళ్ళు వీధికి పదిమంది. ఎవరు ఏ బాయిలో తెలియడానికి ఒక్కో ఇంటికి ఒక్కో పేరు. ఎర్రబాయిల్స్, కుట్టుపని బాయిల్స్. అలా వీళ్ళు కర్రబాయిల్స్ అయ్యారు. బళ్ళో ఉనాని టీచరు కూడా అలాగే పిలిచింది. ఆరేళ్ళ కిందట మాలకీ పోతే, రేడియోలో చావు కబుర్లు చదివే అమ్మాయి కూడా "మాలకీ బాయిల్, కర్ర" అని చదివింది.

"ఒక్క సంగతి చెప్పండి ఫెర్గల్," అంది ఉనా లేస్తూ. "రైలుకట్ట ఎక్కడ, ఇదెక్కడ? మధ్యలో అరమైలు. ఇంజనులోంచి విసిరినా ఇక్కడ పడుతుందా?"

"పడదు," అన్నాడు హ్యూయీ. "మీ నాన్న చెయ్యి అంత బలమైనదైతే, చేత్తో కూడా ఆడే మన ఫుట్‌బాల్‌లో మన జిల్లా కప్పు ఎప్పుడో గెలిచేది."

"ఈ పక్కన ఏముండేది?"

ఫెర్గల్ కాలువ అంచు వైపు చూపించాడు. "సైకిల్ బాట. రోడ్డు చుట్టూ తిరగకుండా అడ్డదారి."

ఉనా కళ్ళు పెద్దవయ్యాయి. "విచారణ కాగితాలు నేను చదివాను. ఆ రోజు కడ్డీ పొరపాటున కారోబాన్ చివర ఉండిపోయింది. దాన్ని సైకిల్ మీద తెచ్చింది డ్రమ్‌కీల్ స్టేషన్ మాస్టరు క్రమ్‌లిష్. ఆయనే రాసి సంతకం పెట్టాడు."

"అవును. అలానే రాశాడు."

"అంటే పారేసింది వాడే! కర్ర పెట్టింది కూడా వాడే! ఫెర్గల్, మా నాన్న ఏ తప్పూ చెయ్యలేదు!" ఆమె ఒక్కసారిగా అతన్ని కావలించుకుంది. భుజం మీద ఆమె కన్నీళ్ళు తగులుతుంటే ఫెర్గల్ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కట్టెలా నిలబడ్డాడు.

"మీకు తెలియదు కదా?" అంది వదిలేసి. "మీరు అక్కడే పోర్టరు కదా. క్రమ్‌లిష్ మీద ఎప్పుడూ అనుమానం రాలేదా?"

ఒక్క మాట చాలు. క్రమ్‌లిష్ పోయి పాతికేళ్ళు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. అడిగేవాళ్ళెవరూ లేరు.

"అయ్యుండొచ్చు," అన్నాడు ఫెర్గల్.

అన్నాక నోట్లో బురద పడ్డట్టయింది. చలికాలంలో ఆ క్రమ్‌లిష్ తన రెండో కోటు తీసి అతనికి తొడిగేవాడు.

"రేపు మీరే చెప్పాలి," అంది ఉనా. "ప్లాట్‌ఫాం మీద, అందరి ముందూ. నేను చెబితే కూతురు గనక చెబుతోందంటారు. మీరు చెబితే నమ్ముతారు. ఇన్నేళ్ళు నవ్వించింది మీరే కదా."

దెప్పాలని అనలేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

ఫెర్గల్ ఇంటికి కట్ట మీదుగానే నడిచాడు. సన్నటి వాన. తుంగ మధ్య పత్తిలాంటి తెల్లటి గడ్డిపూలు ఊగుతున్నాయి. ఈ దారిలో ప్రతి రాయీ అతనికి తెలుసు. ఎందుకు తెలుసో కూడా ఇవాళే గుర్తుకొచ్చింది. కడ్డీ కోసం కంపెనీ మనుషులు వారం రోజులు ఈ అయిదు మైళ్ళూ జల్లెడ పట్టారు. వాళ్ళతో పాటు ఫెర్గల్ కూడా గొర్స్ ముళ్ళలో చేతులు గీరుకుంటూ వెతికాడు. దొరకదని తెలిసీ వెతికాడు. మూడోరోజు మాలకీ కూడా వచ్చి అతని పక్కనే వంగి వెతుకుతూ, "నీకెందుకయ్యా ఈ శ్రమ, మంచివాడివి," అన్నాడు.

ఇంట్లో భార్య రోషీన్ సోడా రొట్టె కోస్తోంది.

"కడ్డీ దొరికిందటగా? హ్యూయీ అప్పుడే పోస్టాఫీసులో చాటింపు వేశాడు. నీ కథకి కొత్త ముగింపు దొరికింది."

"ఊఁ."

"ఏమిటా మొహం? కథ పోయిందని బెంగా?"

"రోషీన్, నేను ఎలాంటివాడిని?"

"తడి బూట్లతో వంటింట్లోకి వచ్చేవాడివి," అంది ఆమె. తల తిప్పి అతన్ని చూసి, కత్తి కింద పెట్టింది. అతను బూట్లు విప్పడానికి గుమ్మం దగ్గరికి వెనక్కి వెళ్ళాడు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. చర్చిలో పూజ అవగానే ఊరు ఊరంతా డ్రమ్‌కీల్ ప్లాట్‌ఫాం మీదకి వచ్చేసింది. హ్యామ్ శాండ్‌విచ్‌లు, పెద్ద టీ పాత్ర, అకార్డియన్ వాయించే ఇద్దరు. ఫాదర్ మెక్‌నెలిస్ పవిత్రజలం చల్లి, దారి మీద నడిచే ప్రతి ఒక్కరూ క్షేమంగా ఇల్లు చేరాలని దీవించాడు. పక్కన గుడ్డ కప్పిన బోర్డు ఉంది. దాని మీద ఏముందో అందరికీ తెలుసు. కర్ర బొమ్మ, కింద ఫెర్గల్ రాసిన కథ.

ఉనా ముందు వరసలో నిలబడింది. నీలం కోటు, ఇస్త్రీ చేసిన కాలరు. రెండు చేతుల్లో కడ్డీ. తుడిచి నూనె రాసినట్టుంది, మెరుస్తోంది.

"ఫెర్గల్, కర్ర కథ కానియ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఆ మాలకీ గొంతు పెట్టి చెప్పు!"

"టీ చల్లారిపోతోంది, త్వరగా నవ్వించు!"

నవ్వులు మొదలైపోయాయి. అతను నోరు తెరవకముందే. ఆ నవ్వుల మధ్య ఉనా తల వంచుకోలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి తల ఎత్తుకుని అతని వైపే చూస్తోంది. క్రమ్‌లిష్ పేరు కోసం ఎదురుచూస్తోంది.

ఫెర్గల్ ఆ పేరు పలకబోయాడు. నాలుక మీదికి వచ్చింది కూడా. అప్పుడు ప్లాట్‌ఫాం అంచు కనిపించింది. అరిగిన రాయి. సంచి అందించినప్పుడు తను నిలబడ్డ చోటు.

అతను టోపీ తీశాడు.

"నవ్వకండి," అన్నాడు. "ఇవాళ కథ లేదు. హ్యూయీ, ఆ నవ్వు ఆపు. ఉనా, నువ్వు నిన్న క్రమ్‌లిష్ అన్నావు, నేను అయ్యుండొచ్చన్నాను. అది అబద్ధం. కడ్డీని స్టేషన్ మాస్టరే స్వయంగా తేవాలని రూలు. ఆయన మోకాలు నొప్పని నన్ను పంపాడు. రూలు తప్పానని ఒప్పుకోలేక తనే తెచ్చానని రాశాడు. ఆయన తప్పు అంతే. తెచ్చింది నేను. అడ్డదారిలో కాలువ మీద ఒంటిచెక్క ఉండేది. దాని మీద సైకిల్ దిగకుండా తొక్కాను. దిగితే పరువు తక్కువ అనుకునే వయసు. పడ్డాను. కడ్డీ మునిగిపోయింది. భుజాల దాకా చేతులు పెట్టి వెతికాను. దూరంగా ఇంజను కూత వేస్తోంది. గట్టు మీద ఎవరిదో విరిగిన పార ఉంది. పిడి ఊడదీసి సంచిలో పెట్టి బిగించాను. ఫాదర్, నేను చిన్నప్పటి నుంచి ప్రతి ఈస్టర్‌కీ మీ ముందువాళ్ళ దగ్గరా, మీ దగ్గరా పాపాలు చెప్పుకున్నాను. ఇది ఒక్కటీ చెప్పలేదు. ఇదిగో, ఈ రాయి మీదే నిలబడి సంచి అందించాను. మాలకీ చెయ్యి చాచి, 'అంతా సరిగ్గా ఉందా అబ్బాయ్?' అని అడిగాడు. అడిగాడు, ఉనా. ఉందండి అన్నాను. ఆయన విప్పి చూడలేదు. నా మాట నమ్మాడు. ఎదురుగా ఇంకో బండి వచ్చి ఉంటే సంతకి వెళ్ళిన జనం అంతా చచ్చేవారు. విచారణలో బైబిల్ మీద చెయ్యి పెట్టి, కడ్డీనే ఇచ్చానన్నాను. అదీ చాల్లేదు నాకు. ఆ శనివారం పబ్బులో ఎవరో ఏ మాలకీ అని అడిగితే, కర్ర మాలకీ అన్నాను. మీ ఇంటికి ఆ పేరు పెట్టింది నేనే. అందరూ పడిపడి నవ్వారు. వాళ్ళు నవ్వుతున్నంతసేపూ నన్నెవరూ ఏమీ అడగరని అక్కడే కనిపెట్టాను. అందుకే ఇన్నేళ్ళుగా మిమ్మల్ని నవ్విస్తూనే ఉన్నాను."