తడిపెట్టె వాళ్లు

ఆ పార్లమెంటు నియోజకవర్గంలో ఏ ఏడు ఎవరు గెలిచారో చెప్పమంటే పెద్దవాళ్లు కూడా తడబడతారు. నలభై ఒక్క ఓట్ల ఎన్నిక సంగతి మాత్రం పిల్లలకూ తెలుసు. ముప్ఫై రెండేళ్ల కిందట, ఏటి అవతలి పల్లె నుంచి వస్తున్న ఓట్ల పెట్టె నీళ్లలో పడింది. కాగితాలన్నీ ముద్దయ్యాయి. మూడు వందల పన్నెండు ఓట్లు చెల్లవన్నారు. నలభై ఒక్క ఓట్ల తేడాతో గట్టెక్కినాయన వంతెన కట్టిస్తానని మాటిచ్చాడు. తరువాత వచ్చిన అయిదుగురూ అదే మాట ఇచ్చారు. ఇన్ని మాటలకు ఏట్లో లేచింది మూడు స్తంభాలు. వాటి మీద కొంగలు కాపురం పెట్టాయి.

ఎన్నికల ఆఫీసు వాళ్లు అచ్చేసిన నియోజకవర్గ చరిత్రలో దీనికి ఒకే ఒక్క వాక్యం: "పడవవాడి అజాగ్రత్త వల్ల పెట్టె తడిసింది."

ఆ పడవవాడి కూతురే ఇప్పుడు పడవ నడుపుతోంది. నలభై ఆరేళ్ల మనిషి. చేతులు గట్టివి, నోరు ఇంకా గట్టిది. రేవులో ఏ చిన్న తగువొచ్చినా "తడిపెట్టె వాళ్లేగా!" అని ఒక మాట విసిరేసి పోతారు జనం. ఆమె పెళ్లి మాటలప్పుడూ అన్నారు, తల్లి పోయిన రోజునా అన్నారు. తండ్రి ఆనాటి నుంచి పడవెక్కలేదు, ఓటూ వేయలేదు.

ఈసారి కూడా పెట్టె దాటించే పని వాళ్ల పడవకే వచ్చింది. ఇంకో పడవ ఉంటేగా!

అయిదింటికి పల్లెలో పోలింగు ముగిసింది. పెట్టెకు లక్క ముద్రలు వేయించి, కుర్ర అధికారి ఇద్దరు పోలీసులతో రేవులోకి దిగేసరికి గాలి లేచింది. ఆమె నీళ్ల వంక ఒక్కసారి చూసి, తెడ్డు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"లే అమ్మా, లే! ఏడింటికల్లా పెట్టె అవతలి ఒడ్డున ఉండాలి."

"గాలి తగ్గాక దాటిస్తాను సార్."

"నిబంధనల్లో గాలి సంగతి లేదు."

"ఏట్లో ఉంది సార్."

పోలీసుల్లో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. అధికారి మొహం ఎర్రబడింది. "ఆలస్యమైతే నీ మీద రాయాల్సి వస్తుంది."

ఆమెకు ఒళ్లు మండింది. ఆ రోజూ ఇదే వరస. తండ్రి గాలి ఉందన్నాడు. అప్పటి అధికారి కేకలేశాడు. సర్కారు మనిషి మాట కాదనలేక తండ్రి తాడు విప్పాడు. నడి ఏట్లో పడవ ఒరిగింది. ఒడ్డు చేరాక అధికారి పడవవాడి తప్పు రాసుకున్నాడు గానీ తన కేకల సంగతి రాయలేదు. రాస్తాడా మరి!

"రాసుకోండి సార్. ఆలస్యమైందని ఎంత పెద్ద అక్షరాలతోనైనా రాసుకోండి. తడిసిందని మాత్రం ఇంకోసారి రాయనివ్వను."

"సర్కారు వాళ్లతో నీకెందుకే, పోనీ వెళ్లు," అని పల్లెవాళ్లు నచ్చజెప్పబోయారు. ఆమె కదల్లేదు.

అంతలో జనం పక్కకు జరిగారు. కర్ర పొడుచుకుంటూ తండ్రి మెట్లు దిగుతున్నాడు. ముప్ఫై రెండేళ్లుగా ఈ మెట్ల మొహం చూడనివాడు! ఆయన నీళ్లను చూసి, చెంపకు తగిలే గాలిని చూసి, "ఇంకో గంట పడుతుందమ్మా," అన్నాడు.

"ఈయనెవరు?" అన్నాడు అధికారి.

"ఆ పెట్టె తడిపినవాణ్ణి బాబూ."

అధికారి శిక్షణలో ఆ చరిత్ర పుస్తకం చదివినవాడే. బూట్లు విప్పి, ఆయన పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు.

"గంటేనా తాతా?"

"గంటే."

గంటా పది నిమిషాలు పట్టింది. ఆమె తాడు విప్పుతూ, "నాన్నా, పెట్టె పట్టుకుంటావా?" అంది. తండ్రి పడవెక్కి, పెట్టెను ఒళ్లోకి తీసుకుని రెండు చేతులా చుట్టేశాడు. ఆమె దూరమైనా సరే స్తంభాలకు ఎడంగా, చుట్టు తిప్పి నడిపింది. ఈసారి ఎవరూ తొందర పెట్టలేదు.

అవతలి రేవులో దీపాలు పెట్టి, పార్టీల వాళ్లూ ఊరి జనమూ కాచుకుని ఉన్నారు. "మళ్లీ తడిపెట్టె వాళ్లేరా!" అని ఎవడో అననే అన్నాడు. పెట్టె అందుకోవడానికి వచ్చిన ఎన్నికల ఆఫీసు గుమాస్తా దాన్ని నాలుగు వైపులా తడిమి చూసి, ముద్రలు సరిచూసుకుని, రసీదు మీద సంతకం చేశాడు.

"పొడిగా అందిందని కూడా రాయండి," అంది ఆమె.

"ఇందులో ఆ గడి లేదమ్మా."

"గీయండి."

గుమాస్తా నసిగాడు. అధికారి అతని చేతిలో కలం లాక్కుని, రసీదు అడుగున గడి గీసి, నాలుగు ముక్కలు రాసి, కింద సంతకం పెట్టి ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని తండ్రి చేతిలో పెట్టింది.

"కళ్లు ఆనడం లేదు. మీరే చదవండి బాబూ," అన్నాడు ఆయన.

"పెట్టె పొడిగా అందింది. గాలి తగ్గేదాకా ఆగమన్నది పడవ మనిషి. ఆమె మాట సరైనది."

"ఇంకొంచెం గట్టిగా బాబూ. నాకు వినిపించింది. వాళ్లకు వినిపించాలి."

అధికారి పడవలో బల్ల మీదికెక్కి, రేవంతా వినేలా మళ్లీ చదివాడు.